గులాబీ చుక్కలు

మామయ్య కఫం నుంచి పెరిగిన బాక్టీరియా గులాబీ రంగులో ఉంది!

ఇంక్యుబేటర్‌లోంచి తీసిన ప్లేటును పట్టుకుని ఆమె అలాగే నిలబడిపోయింది. కళ్లు మోసం చేస్తున్నాయేమోనని కిటికీ దగ్గరికి వెళ్లి, పొద్దుటి ఎండలో తిప్పి తిప్పి చూసింది. జెల్లీ మీద తడితడిగా, నిండుగా... గులాబీ చుక్కలు! ఈ ఆసుపత్రి కల్చర్ గదిలో టెక్నీషియన్‌గా చేరినప్పటి నుంచి ఎన్ని వేల ప్లేట్లు చూసి ఉంటుంది! న్యుమోనియా తెచ్చే ఈ బాక్టీరియా ఈ జెల్లీ మీద మీగడ రంగులోనే పెరుగుతుంది. ఏ రోగి దగ్గర్నుంచి వచ్చినా అంతే. దానికి గులాబీ రంగు రావాలంటే ఎవరో పనిగట్టుకుని ఆ రంగును దాని లోపలికి ఎక్కించాలి.

ఆ ఎవరో ఆమెకు తెలుసు. ఏళ్ల తరబడి అతనితోనే కాపురం చేస్తోంది.

పెళ్లయిన కొత్తలో భర్త ఆమెను తన పరిశోధనశాలకు తీసుకెళ్లి, ఇలాంటి ప్లేటునే చూపించి చంటిపిల్లను చూపించినట్టు మురిసిపోయాడు. "దీన్ని ఎలుకల ఊపిరితిత్తుల్లోకి పంపుతాం. అక్కడ కాపలా కాసే కణాలుంటాయి, ఇది కనిపిస్తే మింగేస్తాయి. ఏ కణం మింగిందో, ఏది తప్పించుకుందో మనకు కనపడాలి కదా! అందుకే ఈ రంగు" అన్నాడు. "రంగుతో పాటు ఇంకో గుణం కూడా ఎక్కిస్తాం. ఫలానా మందు పోస్తే మిగతా బాక్టీరియా అంతా చచ్చిపోతుంది, మాది మాత్రం చావదు. అలా మా దాన్ని మేం వేరు చేసుకుంటాం" అని కూడా అన్నాడు. ఆ మందు పేరు ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది. పై అంతస్తులో, ఛాతీ వార్డులో, మామయ్య నరంలోకి పొద్దునా సాయంత్రం ఎక్కిస్తున్న ఇంజెక్షన్ అదే!

ప్లేటు మీద తనే అంటించిన మందు బిళ్లల వైపు చూసింది. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ బాక్టీరియా చచ్చి, ఖాళీ వలయం ఏర్పడాలి. ఆ ఇంజెక్షన్ మందు బిళ్లను ఒరుసుకుని మరీ గులాబీ చుక్కలు దర్జాగా పెరిగాయి. రెండు బిళ్లల అవతల ఇంకో మందు చుట్టూ మాత్రం వెడల్పాటి ఖాళీ. అంటే... ఇన్నాళ్లూ మామయ్యకు సరైన మందే పడలేదు! పనిచేసే మందు ఈ ఆసుపత్రి బీరువాలోనే ఉంది!

అసలు ఈ కఫాన్ని ఆమె నిన్న దొంగచాటుగా పట్టి తెచ్చుకుంది. ఎందుకో తెలుసా? తన నేరం తను చూసుకుందామని!

మామయ్యది పాత ఆయాసం. రిటైరైన డ్రిల్లు మాస్టారు. "ఒకప్పుడు నేను ఈలేస్తే మైదానం అవతలి పిల్లలు కూడా లైను కట్టేవాళ్లు కోడలమ్మా! ఇప్పుడు నా ఛాతీయే ఈలేస్తోంది, లైను కట్టేవాడే లేడు" అని నవ్వించేవాడు. రోజూ నెబులైజర్‌లో మందు పోసుకుని ఆవిరి పీల్చడం, ఆ మందు కప్పును కోడలు కడిగి ఆరబెట్టడం... అదే ఆ ఇంట్లో సాయంత్రం. అలాంటిది ఉన్నట్టుండి ఆయనకు చలిజ్వరం, తుప్పు రంగు కఫం. అంబులెన్సులో ఎక్కిస్తుండగానే అత్తయ్య అందరి ముందూ అంది.

"రోజంతా ఊళ్లోవాళ్ల కఫాలు కెలుకుతావు! ఆ చేతుల్తోనే వచ్చి ఆయన కప్పు కడుగుతావు! ఇది నీ చేతి నుంచి కాక ఆకాశం నుంచి ఊడిపడిందా?"

కోడలు తన చేతుల వైపు చూసుకుంది. ఎందుకంటే ఆ అనుమానం ఆమెకూ వచ్చింది. చేతులు సబ్బుతో రుద్దింది, స్పిరిట్‌తో రుద్దింది, వేళ్ల సందులు పగిలి నెత్తురొచ్చేదాకా రుద్దింది. మామయ్య మంచం దగ్గరికి వెళ్లాలంటే భయం. అన్నం వడ్డించాలంటే భయం. "నీ చేతి ముద్ద తినాలంటే హడలి చస్తున్నాం తల్లీ" అని అత్తయ్య కంచం పక్కకు లాక్కుంటే, కన్నీళ్లు దిగమింగుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది. భర్త మాత్రం ఒక్కమాట అనలేదు. 'నీ తప్పు' అనలేదు. 'నీ తప్పు కాదు' అనీ అనలేదు...

మొదటి రోజు కఫాన్ని డాక్టరు ఆమె ల్యాబుకే పంపబోతే భర్తే అడ్డుపడ్డాడు. "ఇంట్లో మనిషి పరీక్ష ఇంట్లో మనిషి చెయ్యకూడదు డాక్టరుగారూ! మా సంస్థలో ఇంతకంటే మంచి మెషీన్లున్నాయి, నేను చేయిస్తాను." అంత పెద్ద సైంటిస్టు అడిగితే ఛాతీ డాక్టరు కాదంటాడా? తర్వాత భర్త వచ్చి చెప్పింది ఒక్క ముక్క. "ఏమీ దొరకలేదు. మామూలు నోటి బాక్టీరియానే!"

ఏమీ దొరకలేదట!

ఆమె ప్లేటును డబ్బాలో పెట్టుకుని మెట్లెక్కింది. లిఫ్టు కోసం ఆగే ఓపిక కూడా లేదు.

ఛాతీ డాక్టరు ప్లేటు చూసి కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇదేంటమ్మా, ఈ రంగు?"

"రంగు సంగతి తర్వాత సార్! ముందు ఈ బిళ్ల చూడండి. మీరిస్తున్న మందుకి ఇది చావదు. ఈ రెండో మందుకి చస్తుంది. ఇప్పుడే మార్చండి, మీ కాళ్లకు మొక్కుతా!"

"మీ ఆయన ఏమీ దొరకలేదన్నారే..."

"ఆయనకు దొరకలేదు. నాకు దొరికింది."

డాక్టరు ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, నర్సును కేకేశాడు. కొత్త మందు సీసా స్టాండుకు తగిలించేదాకా ఆమె కదల్లేదు. మాస్కు కింద మామయ్య పెదాలు నీలంగా ఉన్నాయి. కోడల్ని చూసి కనుబొమ్మ ఎగరేశాడు. 'లైనులోనే ఉన్నావా' అని అడగడం అది! ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. గుమ్మంలో నిలబడ్డ అత్తయ్య మాత్రం, "ఎందుకొచ్చావు మళ్లీ? ఇంకా అంటించాల్సింది ఏమైనా మిగిలిందా?" అంది. ఆమె బయటికి నడిచింది.

భర్త పనిచేసే సంస్థకు ఆటోలో వెళ్లింది. పొడుగాటి వరండా, ఎలుకల గది నుంచి పొట్టు వాసన, గోడకు అతని పేరుతో చట్రం కట్టిన సన్మానపత్రాలు. అతను కంప్యూటర్ ముందు కూర్చుని, తెరమీద ఎలుక ఊపిరితిత్తి ఫోటోలు పేర్చుకుంటున్నాడు. ఆమె అతని చేతి పక్కన ప్లేటు పెట్టింది.

"ఇది మీదేనా?"

అతను కుర్చీ వెనక్కి జరిపాడు. "ఎక్కడిది?"

"మీ నాన్నగారి ఛాతీలోది."

"నీ... నీ బల్ల మీద ఏదో కలిసి ఉంటుంది."

"నా బల్ల మీద ఈ రంగుది లేదండీ! ఈ గదిలో తప్ప ఇంకెక్కడా లేదు. పెళ్లయిన కొత్తలో మీరే చెప్పారు, గుర్తుందా? దీన్ని పుట్టించింది మేమేనని ఛాతీ విరుచుకుని మరీ చెప్పారు!"

అతను లేచి తలుపు వేసొచ్చాడు. కుర్చీలో కూలబడి మొహం రుద్దుకున్నాడు. "కోటు మీదో, చెప్పుల మీదో వచ్చి ఉంటుంది... నాకూ అనుమానంగానే ఉంది..."

"ఎప్పటినుంచి?"

అతను ప్లేటును దూరంగా నెట్టాడు.

"ఎప్పటినుంచండీ? నేను వేళ్లు రక్తం కారేలా కడుక్కుంటున్నప్పుడు కూడానా? మీ అమ్మగారు నా చేతి ముద్ద వద్దని కంచం లాక్కున్నప్పుడు కూడానా? పక్కనే కూర్చుని అన్నం తిన్నారు కదండీ మీరు... పెరుగు కూడా అడిగి వేయించుకున్నారు!"

"అరవకు! బయట మనుషులున్నారు." అతను బతిమాలడానికి దిగాడు. "చూడు... ఈ సంగతి బయటపడితే ల్యాబు మూసేస్తారు. నా ఉద్యోగం పోతుంది. పోనీ, అదంతా నేను పడతాను. కానీ నాన్న ఈ స్థితిలో ఉండగా అమ్మకు తెలిస్తే తట్టుకోగలదా? నువ్వే చెప్పు! మందు మార్పించావు కదా, అది చాలు. నాన్నను లేచి కూర్చోనీ. నేనే చెప్తాను, అందరికీ నేనే చెప్తాను. ఒట్టు!"

ఆమె ఆ మొహాన్ని చూసింది. ఇన్నేళ్లుగా అందరూ గొప్పవాడంటుంటే, తనూ నమ్మి తలెత్తి చూసిన మొహం... పరీక్షలు రాసి పై చదువుకు వెళ్లాల్సిన తను, ఈ మొహం కోసమే కల్చర్ గదిలో ఉద్యోగానికి కుదురుకుంది. ఒకరి పరిశోధన సాగాలంటే ఇంకొకరి జీతం రావాలి కదా అని! అత్తయ్య కోసం కాదు, అతని కోసం కాదు... మంచం మీద ఊపిరి కోసం తన్నుకులాడుతున్న ఆ పెద్దాయన ముందు గొడవ జరగకూడదని ఒప్పుకుంది.

"మామయ్య కూర్చున్న రోజు మీరు చెప్పాలి. మీ నోటితో చెప్పాలి. నేను చెప్పను. నేను చెప్తే అది కోడలి చాడీ అవుతుంది."

"చెప్తాను."

కొత్త మందు పనిచేసింది. జ్వరం దిగింది. కఫం రంగు మారింది. ఆమె మళ్లీ పరీక్ష పెడితే గులాబీ చుక్క ఒక్కటి కూడా మొలవలేదు. ఆ సంతోషంతో ఆమె ఎక్స్-రే చూడటానికి డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

"బాక్టీరియా పోయిందమ్మా. కానీ ఇన్నాళ్లూ దానితో కొట్టుకున్న కణాలు ఊరుకోలేదు. అవి చిమ్మే విషం బాక్టీరియాని చంపలేదు గానీ, ఊపిరితిత్తిని కాల్చేసింది. ఎడమ వైపు దాదాపు మిగల్లేదు. కుడివైపు సగం. ప్రాణం దక్కింది, అంతే. ఆక్సిజన్ లేకుండా ఆయన ఇక బతకలేరు. మొదట్లోనే సరైన మందు పడి ఉంటే..." అంటూ ఆయన ఆగిపోయాడు.

పడి ఉంటే!

అనుకున్న రోజు వచ్చింది. మామయ్యను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. ముక్కుకు గొట్టం, ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య పెద్ద ఊపిరి. "నర్సమ్మా... అటెన్షన్... సూది వద్దు..." అని నవ్వబోయి దగ్గాడు. అత్తయ్య కొంగుతో ఆయన మూతి తుడిచింది. కోడలు మంచం కాళ్ల దగ్గర నిలబడి భర్త వైపు చూసింది. అతను కిటికీలోంచి బయట ఆగిన వాహనాలు చూస్తున్నాడు.

ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. "మా ల్యాబు తనిఖీకి పై కమిటీ వచ్చి వెళ్లనీ" అన్నాడు. ఆమె చూపుల్లోని మంటకు ఎదురుపడలేక వార్డుకు రావడమే తగ్గించాడు. చివరికి ఇంటికి పంపించే రోజు తప్పదు కాబట్టి వచ్చాడు. మంచం చుట్టూ సంచులు, సీసాలు, అద్దెకు తెచ్చిన ఆక్సిజన్ సిలిండరు. అప్పుడు అత్తయ్య అందుకుంది.

"ఇదిగో, ఇంటికెళ్లే ముందే తేల్చేద్దాం. అమ్మాయ్! నువ్వు ఆ ఉద్యోగం మానెయ్. లేదంటావా, మీ పుట్టింటికి పో. మీ అన్నయ్య వదినల కప్పులు కడుగు. నా మొగుడికి మిగిలిందే సగం ఊపిరి. అది కూడా నీ చేతుల్లో పెట్టలేను."

"అత్తయ్యా..."

"అత్తయ్యా అని ఏడిస్తే పోయిన ఊపిరి తిరిగొస్తుందా? నేను అన్నదాంట్లో తప్పుంటే నీ మొగుణ్ణి చెప్పమను! వాడికి తెలీని బాక్టీరియాలా? ఏరా నాన్నా, నేనన్నది అబద్ధమా?"

గది గదంతా అతని వైపు తిరిగింది. ఆమె మనసులోనే బతిమాలింది. చెప్పండి... ఇప్పుడైనా చెప్పండి... భార్య కోసం కాకపోయినా, మనిషి పుట్టుక పుట్టినందుకైనా చెప్పండి!

అతను సిలిండరు వైపు తిరిగాడు. "ఇప్పుడు ఆ గొడవెందుకమ్మా... కొన్నాళ్లు వాళ్ల పుట్టింట్లో ఉండి వస్తే అందరికీ కాస్త..."

ఆమెకు ఏడుపు రాలేదు. నవ్వొచ్చింది! గట్టిగా, తనకే భయమేసేంత నవ్వు. "అలాగేనండీ. సంచీ సర్దుకుంటాను. పెద్ద సంచీ కూడా అక్కర్లేదు. ఆ ఇంట్లో నాదంటూ ఏముంది, ఈ పగిలిన చేతులు తప్ప!"

"కోడలమ్మా..." మామయ్య చెయ్యి గాలిలోకి లేచింది. ఇంకేదో అనబోయాడు. మాట దగ్గులో కలిసిపోయింది. ఛాతీలోంచి ఈల, ఎగశ్వాస. నర్సు పరుగున వచ్చింది. "ఆవిరి పెట్టాలి! వార్డు కప్పులన్నీ వాడకంలో ఉన్నాయి, ఉండండి తెస్తాను..."

"నువ్వెక్కడికీ పోనక్కర్లేదు, నా దగ్గరుంది." అత్తయ్య సంచీలోంచి ఒక మూట తీసింది. తెల్లటి గుడ్డ విప్పితే లోపల నీలం టేపు చుట్టిన మందు కప్పు! ఇంట్లో ఆయన రోజూ వాడిన కప్పు. ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి కనిపించక కోడలు ఇల్లంతా వెతికింది. "మా వాడు చెత్తబుట్టలో పడేశాడు. లక్షణంగా ఉన్నదాన్ని పారేస్తారా ఎవరైనా? తీసి నేనే సబ్బుతో కడిగి దాచాను. ఈసారి ఎవరి చెయ్యీ పడకుండా..." అంటూ అందులో మందు పోసి మామయ్య మొహం దగ్గరికి తీసుకెళ్లింది.

"వద్దమ్మా!"

అతను సంచుల మీదుగా దూకాడు. తల్లి చేతిలోంచి కప్పును ఒక్క ఊపులో లాగేశాడు. మందు అత్తయ్య చీర మీద చిందింది. నర్సు పరిగెత్తి ఎక్కడి నుంచో వార్డు కప్పు తెచ్చి మామయ్య ముక్కుకు పెట్టింది. ఆవిరి బుసబుసల మధ్య ఆయన దగ్గు మెల్లగా సద్దుమణిగింది. అత్తయ్య కొడుకు చేతిలోని కప్పును, కొడుకు మొహాన్ని మార్చి మార్చి చూస్తోంది.

"ఏంట్రా... ఏముంది అందులో?"

అతను భార్య వైపు చూశాడు. ఆమె చూపు ఆ కప్పు మీదే ఉంది. కోటు కాదు. చెప్పులు కాదు. తనతో చెప్పింది కూడా అబద్ధమే...

"చెప్పండి" అంది ఆమె మెల్లగా. "నన్ను చూడకండి. వాళ్లను చూసి చెప్పండి."

అతను గోడకు ఆనుకుని, అలాగే జారి నేలమీద కూర్చున్నాడు. కప్పును రెండు చేతులతో పొట్టకు అదుముకున్నాడు.

"నీ కోడలు కడగలేదని కాదమ్మా. అది రోజూ కడిగింది. ఈ కప్పును నేనే ల్యాబుకి పట్టుకెళ్లాను. బాక్టీరియాని పొగమంచులా చేసి ఎలుకల పెట్టెలోకి పంపడానికి మేమూ ఇలాంటి కప్పే వాడతాం. మాది పగిలింది. కొత్తది రావడం ఆలస్యమన్నారు. కమిటీ వస్తోంది, ఎలుకలు సిద్ధంగా ఉన్నాయి... ఒక్క పూటే కదా అనుకున్నాను. నాన్న ఆవిరి పట్టే వేళకు తెచ్చి పెట్టేశాను. ప్రెషర్ ఆవిరిలో ఉడికించి ఉంటే ఏమీ అయ్యేది కాదు. కానీ ఉడికిస్తే ఈ ప్లాస్టిక్ వంకరపోతుంది. వంకరపోతే ఎందుకని అడుగుతారు. అందుకే ఉత్త స్పిరిట్‌తో తుడిచాను. లోపలి సన్న గొట్టంలోకి స్పిరిట్ పోదని నాకు తెలుసు. పర్లేదులే అనుకున్నాను.

"నాన్నకు జ్వరమొచ్చిన రోజే అర్థమైంది. కఫం నేను పట్టుకెళ్లింది పరీక్ష కోసం కాదమ్మా, ఇంకెవరూ పరీక్షించకుండా! ప్లేటు మీద గులాబీ రంగు చూశాను. చూసి కాల్చేశాను. ఏమీ దొరకలేదని చెప్పాను. 'ఆసుపత్రి నుంచి చేతులకు అంటించుకొస్తారమ్మా ఒక్కోసారి' అని ఆ మొదటి రోజు నీతో అన్నదెవరు? నేనే కదా! నువ్వు దాన్ని తిట్టిన ప్రతి తిట్టూ నేనే నీ నోట్లో పెట్టాను.

"నాన్నా... మందు ఆలస్యమైతే లోపలి కణాలు ఊపిరితిత్తిని ఎలా కాలుస్తాయో... లోకంలో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు. నా పరిశోధనే అది. ఎన్ని ఎలుకల్లో చూశానో! మీకు ఎడమ వైపు ఎప్పుడు పోతుందో, కుడివైపు ఎప్పుడు మొదలవుతుందో నాకు తెలుసు. రోజూ తెలుసు. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ... నర్సు ఆ పనికిరాని ఇంజెక్షన్ ఎక్కిస్తుంటే, మీ మంచం పక్కన కూర్చుని, మీ చెయ్యి పట్టుకుని, 'మంచి మందు నాన్నా, తగ్గిపోతుంది' అన్నది నేనే."